సొంతూళ్లో వైద్య శిబిరం: విదేశాల్లోని తెలుగు సంఘం ఎలా ఏర్పాటు చేసుకోవాలి

1840లో నెల్లూరులో, 1842లో గుంటూరులో మొదలైన మిషన్ల బళ్లలో చదువుకున్న కుటుంబాల మనవలు, మునిమనవలు ఇప్పుడు డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ తెలుగు క్రైస్తవ సంఘాలు నడుపుకుంటున్నారు. తాతలు బతికిన పల్లెకి ఏదైనా చేయాలన్న కోరిక అలాంటి ప్రతి సంఘంలోనూ ఉంటుంది. ఎక్కువమంది ఎంచుకునేది వైద్య శిబిరం. అమెరికా నుంచి వెళ్లే పదిహేను, ఇరవైమంది బృందం ప్రకాశం, పల్నాడు, గుంటూరు, నెల్లూరు జిల్లాల్లో శిబిరం పెట్టాలంటే ఏ పని ఎప్పుడు చేయాలో ఇక్కడ చెబుతున్నాం. కెనడా, ఆస్ట్రేలియాల నుంచి వెళ్లేవాళ్లకీ చాలావరకు ఇవే వర్తిస్తాయి.

ఎనిమిది నెలల ముందు: మీరు తిరిగొచ్చాక ఎవరు చూస్తారు?

టికెట్లు, టీషర్టుల కన్నా ముందు తేలాల్సిన ప్రశ్న ఇది. శిబిరంలో కొత్తగా బీపీ బయటపడిన మనిషికి ముప్పై మాత్రలు ఇచ్చి వచ్చేస్తే ముప్పై ఒకటో రోజు ఆ మనిషి ఏం చేయాలి? మాత్రలు అయిపోయాక చాలామంది ఊరుకుంటారు. "అమెరికా డాక్టరు ఇచ్చిన మందు" మళ్లీ వచ్చే ఏడాది శిబిరంలో దొరుకుతుందని ఎదురుచూసేవాళ్లూ ఉంటారు. ఈ రెండో రకం నష్టాన్ని మనమే చేతులారా తెచ్చిపెట్టినవాళ్లం అవుతాం.

అందుకని ముందు ఊరి పాస్టరుగారి ద్వారా ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎంల నంబర్లు తీసుకుని మాట్లాడండి. ఇవి అడగండి: ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఎంత దూరం, బస్సు ఎన్ని గంటలకి, డాక్టరు ఏ రోజుల్లో ఉంటారు, బీపీకి ఆమ్లోడిపిన్, షుగరుకి మెట్‌ఫార్మిన్ అక్కడ నెలనెలా దొరుకుతున్నాయా, కంటి ఆపరేషన్లకి జనాన్ని ఏ ఆసుపత్రి తీసుకెళుతోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఉంటే ఆయనతోనూ మాట్లాడండి. రాత్రి రెండింటికి జ్వరమొస్తే జనం పరిగెత్తేది ఆయన దగ్గరికే. ఆయన్ని పక్కన పెడితే శిబిరంలో చెప్పిన ప్రతి మాటా వారంలోపు తిరగబడుతుంది.

పది రోజుల యాత్రకి మూడు ఊళ్లు చాలు, అవి కూడా ఒకే మండలంలో ఉండాలి. ఎనిమిది ఊళ్లు తిరిగితే ఫొటోలు ఎక్కువ వస్తాయి, వైద్యం తక్కువ జరుగుతుంది. మొదటి రెండు రోజులు నిద్ర సర్దుకోవడానికీ సరుకు చూసుకోవడానికీ పోతాయి. రోజు విడిచి రోజు శిబిరం, మధ్య రోజున గత ఊరి చీటీలు సరిచూసుకోవడం, చివరి రెండు రోజులు జాబితాలు అప్పగించడం. ఇంతకన్నా బిగించకండి.

తేదీలు

పిల్లల సెలవులని డిసెంబరు చివరి వారం పెట్టుకుంటారు. ఊళ్లో సంఘానికి అదే తీరికలేని వారం: క్యారల్సు, క్రిస్మస్ ఆరాధన, కొత్త సంవత్సరపు ఆరాధన. పాస్టరుగారికి మీ భోజనాలు చూడ్డంతోనే సరిపోతుంది. అక్టోబరు, నవంబరుల్లో కోస్తాకి తుపాన్ల భయం. ఏప్రిల్ దాటితే ఎండ. సంక్రాంతి అయ్యాక జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి నెల మధ్య దాకా అన్నిటికన్నా అనుకూలం.

ఒక చిక్కు మాత్రం ఉంది. అదే రోజుల్లో గుంటూరు, పల్నాడు వైపు మిరపకోతలు. కూలి పోగొట్టుకుని ఎవరూ శిబిరానికి రారు. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా పెడితే వచ్చేది ముసలివాళ్లు, బడి పిల్లలు మాత్రమే. నలభై, యాభై ఏళ్ల కూలీలకే బీపీ, షుగరు తెలియకుండా ఉంటాయి కాబట్టి మీకు కావలసిందీ వాళ్లే. సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా పెట్టండి. ఆదివారమైతే ఆరాధన అయ్యాక.

డబ్బు: తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే

అమెరికా సంఘంలో పోగైన కానుక భారత చట్టం దృష్టిలో విదేశీ విరాళం. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లు ఇచ్చినదీ, వాళ్ల దగ్గర ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ ప్రకారం దాన్ని కేంద్ర హోంశాఖ దగ్గర రిజిస్టరైన సంస్థ, లేదా ముందస్తు అనుమతి పొందిన సంస్థ మాత్రమే తీసుకోవాలి. ఊరి సంఘానికి ట్రస్టు ఉన్నంత మాత్రాన సరిపోదు.

2020లో వచ్చిన సవరణతో మూడు మార్పులు జరిగాయి. డబ్బు మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి బదలాయించకూడదు. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. రెండోది గట్టిగా గుర్తుపెట్టుకోండి. "మాకు ఎఫ్‌సీఆర్‌ఏ ఉంది, మీ డబ్బు మాకు పంపండి, మేం మీ ఊరి ట్రస్టుకి ఇస్తాం" అనేవాళ్లు కనిపిస్తారు. ఆ దారి 2020తోనే మూసుకుపోయింది. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే శిబిరం నడపాలి, బిల్లులు ఆ పేరు మీదే ఉండాలి. రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి పునరుద్ధరించాలి కాబట్టి పాత ధ్రువపత్రం నకలు చూసి నమ్మకండి. హోంశాఖ ఎఫ్‌సీఆర్‌ఏ వెబ్‌సైట్‌లో ఈరోజుకి చెల్లుతోందో లేదో చూడండి.

భారత పాస్‌పోర్టు మీదే ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది విదేశీ విరాళం కిందికి రాదు. అయితే సంఘం కానుకంతా ఒక ఎన్నారై ఖాతాలో వేసి అతని పేరున పంపడం మోసం. అతన్నీ, ఊరి పాస్టరుగారినీ కలిపి చిక్కుల్లో పడేస్తుంది. కవర్లలో డాలర్లు పెట్టి చేతికివ్వడమూ అంతే. విదేశీ నోట్లు 5,000 డాలర్లు దాటినా, చెక్కులతో కలిపి 10,000 దాటినా విమానాశ్రయంలో డిక్లరేషన్ రాయాలి.

వీసా, ప్రసంగం

ఓసీఐ ఉన్నవాళ్లు వీసా అక్కర్లేదు కదా అని ఏదైనా చేయవచ్చనుకుంటారు. 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ కార్డున్నవాళ్లు మిషనరీ పనికి ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. టూరిస్టు వీసా మీద వెళ్లేవాళ్లకైతే అసలు వీల్లేదు. గుళ్లో, అంటే చర్చిలో, కూర్చుని ఆరాధనలో పాల్గొనడానికి అడ్డులేదు. మైకు పట్టుకుని ప్రసంగించడం, కరపత్రాలు పంచడం కుదరదు. పాస్టరుగారు ప్రేమకొద్దీ "రెండు మాటలు చెప్పండి" అంటారు. ఆ మాట రాకముందే, ఊరు చేరకముందే ఫోన్లో చెప్పేయండి. మీ బృందం చేయబోయే పనులు వరసగా రాసి, ఏ వీసా కావాలో కాన్సులేట్‌ని రాతపూర్వకంగా అడిగి, జవాబు దాచుకోండి.

హోటల్లో దిగితే విదేశీయుల వివరాలు వాళ్లే ఆన్‌లైన్‌లో పంపుతారు. పాస్టరుగారి ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో దిగితే ఆ ఇంటివాళ్లే 24 గంటల్లో పంపాలి. అందరూ ఫారం సి అనేది దీన్నే. ఇది మరిచిపోతే పోలీసులు ముందుగా వచ్చేది ఇంటివాళ్ల దగ్గరికి. శాటిలైట్ ఫోను, శాటిలైట్ సందేశాల పరికరం తేకండి. అనుమతి లేకుండా భారత్‌లోకి తేవడం నేరం.

సాయాన్నీ మతాన్నీ కలపకూడదన్న పట్టింపు చట్టం కన్నా పాతది, అది మన చరిత్రలోనే ఉంది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. తిండి కోసం కలుస్తున్నారన్న మాట రాకూడదని కరువు పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందింది ఆ తర్వాతే. శిబిరంలో ప్రార్థన చేయించుకున్నాకే చీటీ ఇవ్వడం, మందుల సంచిలో కరపత్రం పెట్టడం ఆ వారసత్వానికి తగవు. ప్రార్థన కావాలని ఎవరైనా తామే అడిగితే స్థానిక పాస్టరుగారు గుళ్లో ఉంటారు, అక్కడికి చూపించండి.

డాక్టర్లు, మందులు

అమెరికా లైసెన్సు భారత్‌లో చెల్లదు. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లే రోగిని చూసి మందు రాయాలి. విదేశీ డాక్టర్లకి తాత్కాలిక అనుమతి ఉంది కానీ దానికి నెలలు ముందు దరఖాస్తు పెట్టాలి. అది రాకపోతే మీ డాక్టర్లు బరువు, బీపీ చూసే బల్ల దగ్గర కూర్చోవాలి, ఆరోగ్యం గురించి వివరించాలి, సంతకం మాత్రం స్థానిక డాక్టరుది. మొహమాటం పడకుండా వాళ్లకి ముందే చెప్పండి. జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి రెండు నెలల ముందు ఉత్తరం ఇవ్వండి. స్థానిక సంస్థ పేరు మీద, తేదీ, స్థలం, డాక్టర్ల రిజిస్ట్రేషన్ నంబర్లతో. పోలీస్ స్టేషన్‌కి, పంచాయతీకి నకళ్లు.

మందులు సూట్‌కేసుల్లో తేకండి. కస్టమ్స్‌లో ఆగిపోతాయి. దాటినా, ఆంగ్లంలో అమెరికా పేరున్న ఆ మాత్ర మళ్లీ ఆ ఊళ్లో దొరకదు. గడువు తీరబోయే శాంపిల్ మందులైతే అసలే వద్దు. జిల్లా కేంద్రంలో హోల్‌సేల్ షాపులో, జన ఔషధి కేంద్రంలో అదే మందు జనరిక్ పేరుతో కొనండి. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే రకం, ఇచ్చే మోతాదే కొంటే రోగికి గందరగోళం ఉండదు.

కీళ్లనొప్పుల మాత్రల విషయంలో జాగ్రత్త. కోతల కాలంలో అందరూ అడిగేది అదే. డైక్లోఫెనాక్ లాంటివి బీపీని పెంచుతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. బీపీ చూడకుండా ఒక్కరికీ ఇవ్వకండి. ఇదివరకే సూదులు వేయించుకుంటున్నారేమో అడగండి. పిల్లలకి నులిపురుగుల మాత్ర పంచాలన్న ఉత్సాహం ఉంటే ఆపుకోండి. ఫిబ్రవరి 10న ప్రభుత్వమే బళ్లలో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ ఇస్తుంది.

ఎక్కడ పెట్టాలి

చాలా ఊళ్లలో గుడి పల్లెలో, అంటే ఊరికి ఎడంగా ఉండే దళితవాడలో, ఉంటుంది. గుడి ఆవరణలో పెడితే ఊళ్లోవాళ్లు రారు. ఊళ్లో పెద్దరైతు ఇంటి ముందు పెడితే పల్లెవాళ్లు గుమ్మం దగ్గరే నిలబడిపోతారు. మాలపల్లె గుడిలో పెడితే మాదిగపల్లెవాళ్లకి పిలుపు లేనట్టే అనిపించవచ్చు, అటుదిటైనా అంతే. ఇవి మాట్లాడుకోవడానికి ఇబ్బందైనా తేల్చుకోవాల్సిన సంగతులు. జిల్లా పరిషత్ హైస్కూలు అందరిదీ. ప్రధానోపాధ్యాయుల అనుమతితో అక్కడే పెట్టండి. సాయంత్రపు శిబిరమైతే బడికి అడ్డమూ కాదు. చాటింపు అన్ని వాడల్లోనూ వేయించండి. "వాడుతున్న మాత్రల షీట్లు, పాత చీటీలు తెచ్చుకోండి" అన్నది చాటింపులో తప్పక ఉండాలి.

లెక్క

"రెండు వందల మందిని చూస్తాం" అని సంఘంలో చెప్పే ముందు గుణించి చూడండి. ఒక డాక్టరు మనిషికి ఆరు నిమిషాలు ఇస్తే గంటకి పదిమంది, నాలుగు గంటల్లో నలభైమంది. రెండు వందలకి ఐదుగురు డాక్టర్లు కావాలి. కళ్లద్దాలకి మాత్రమే వచ్చినవాళ్లని మొదటి బల్ల దగ్గరే విడదీస్తే డాక్టరు దాకా వెళ్లేది నూటఇరవై మంది, అప్పుడు ముగ్గురు చాలు. ఇద్దరే ఉంటే అద్దాలవాళ్లతో కలిపి మొత్తం నూటఇరవైకే టోకెన్లు ఇవ్వండి; అందులో డాక్టరు దాకా వెళ్లేది డెబ్బై మంది చిల్లర. మూడు నిమిషాలకి కుదిస్తే జ్వరం మాత్రలు పంచడం తప్ప ఏమీ జరగదు.

టోకెన్లలో మూడు వంతులు ముందురోజు ఆశా కార్యకర్త ద్వారా ఇంటింటికీ, మిగతాది పొలం నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్లకి. బల్లల వరస ఇలా ఉండాలి: నమోదు, బరువు–బీపీ, షుగరు–హిమోగ్లోబిన్, డాక్టరు, మందులు, చివరగా వివరించే బల్ల. కళ్లద్దాలకి విడిగా ఒక గది, అందులో ఆరు మీటర్ల నిడివి తప్పనిసరి. ఆడవాళ్లని పరీక్షించడానికి తెర కట్టిన గది, అక్కడ ఒక నర్సు. నీడకి షామియానా, అరవై కుర్చీలు, మంచినీళ్లు, మరుగుదొడ్డి తాళం తీసి ఉందో లేదో. కరెంటు పోతుందని అనుకునే ఏర్పాట్లు చేయండి: ఛార్జింగ్ లైట్లు, బ్యాటరీతో నడిచే బీపీ మిషన్లు.

నమోదు బల్ల దగ్గర తెలుగు చకచకా రాసేవాళ్లుండాలి. అమెరికాలో పుట్టిన పిల్లల్ని అక్కడ కూర్చోబెడితే వరస ఆగిపోతుంది. వాళ్లు ఎత్తు, బరువు చూడగలరు, అద్దాలు అందించగలరు. పెద్దవాళ్లని పేరుతో పిలవకుండా మామ్మగారూ, తాతగారూ, పెద్దమ్మా అని పిలవడం ముందే నేర్పించండి. చీటీ రెండు ప్రతులు: ఒకటి రోగికి, ఒకటి ఆరోగ్య కేంద్రానికి. ఇంటిపేరు, తండ్రి లేదా భర్త పేరు, ఏ వాడ, ఫోను నంబరు. ఒకే ఊళ్లో పది మంది మరియమ్మలు ఉంటారు కాబట్టి ఇవన్నీ కావాలి.

బీపీ, షుగరు

పొలం నుంచి నడిచొచ్చిన మనిషికి వెంటనే బీపీ చూస్తే ఎక్కువే చూపిస్తుంది. ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోనివ్వండి, చేయి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి. 140/90 దాటితే రెండు నిమిషాలాగి మళ్లీ. రెండోదీ ఎక్కువైతే చీటీ మీద రాసి ఆరోగ్య కేంద్రానికి పంపండి, అప్పటికప్పుడు "నీకు బీపీ ఉంది" అని ముద్ర వేయకండి. 180/120 దాటి, ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసక, మాట తడబడటం, ఏదైనా ఉంటే 108కి ఫోన్ చేయడమే. బలిసిన చేతికి పెద్ద పట్టీ, సన్నటి చేతికి చిన్నది. ఒకే పట్టీ అందరికీ వేస్తే లెక్కలు తప్పుతాయి.

గ్లూకోమీటరు స్ట్రిప్పులు మనుషుల సంఖ్య కన్నా 20 శాతం ఎక్కువ కొనండి. వేలిమీద చక్కెర, పండురసం అంటుకుని ఉంటే తప్పు చూపిస్తుంది కాబట్టి చేతులు కడిగించాకే గుచ్చాలి. స్ట్రిప్పుల డబ్బా కారులో ఎండలో వదిలితే పాడవుతాయి. 30 డిగ్రీలు దాటనివ్వకండి. ఏదో ఒక పూట చూసిన షుగరు 200 దాటితే పరగడుపు పరీక్షకి పంపండి. 70 కన్నా తక్కువైతే వెంటనే చక్కెర నీళ్లు. హిమోగ్లోబిన్ ఆడవాళ్లలో 12 కన్నా తక్కువైతే రక్తహీనత, 8 దిగితే తీవ్రం, ఐరన్ మాత్రలతో సరిపెట్టకుండా ఆసుపత్రికి పంపాలి.

వాడిన సూదులు గట్టి, పగలని తెల్ల డబ్బాలో వేయాలి. రక్తం అంటిన దూది పసుపు సంచిలో. ఈ రెండింటినీ తీసుకునే ఆసుపత్రితో ముందే మాట అయ్యుండాలి. బడి వెనక తగలబెట్టడం, గోతిలో పూడ్చడం వద్దు. మర్నాడు ఆ మైదానంలో ఆడుకునేది చెప్పులు లేని పిల్లలు.

కళ్లద్దాలు

డబ్బుకి తగ్గ ఫలితం వెంటనే కనిపించేది ఇక్కడే. నలభై దాటిన దర్జీ, బియ్యంలో రాళ్లేరే గృహిణి, బైబిలు అక్షరాలు కూడబలుక్కుంటున్న పెద్దాయన అద్దాలు పెట్టుకున్న క్షణంలో ముఖాలు మారిపోతాయి.

ముందు దూరపు చూపు, ఒక్కో కన్ను మూసి, ఆరు మీటర్ల దూరం నుంచి. అక్షరాలు రానివాళ్లకి ఇంగ్లిషు ‘E’ అక్షరం నాలుగు దిక్కులకి తిరిగి ఉండే చార్టు. ఏ కన్నైనా 6/18 వరస చదవలేకపోతే సూదిరంధ్రం ఉన్న అట్టలోంచి చూడమనండి. అప్పుడు కనిపిస్తే అద్దాల నంబరు సమస్య, అప్పటికీ కనిపించకపోతే శుక్లమో ఇంకోటో, కంటి ఆసుపత్రికి పంపండి. ఈ మెట్టు దాటేసి దగ్గరి అద్దాలు చేతిలో పెట్టారంటే, ఒక కంట్లో ముదురుతున్న శుక్లం ఇంకో ఏడాది ఎవరికీ తెలియకుండా పోతుంది. దూరం సరిగ్గా ఉన్నవాళ్లకే దగ్గరిది చూడండి: నలభై సెంటీమీటర్ల దూరంలో అచ్చు కాగితం, తక్కువ పవరు నుంచి మొదలుపెట్టి స్పష్టంగా కనిపించిన మొదటి దగ్గరే ఆగాలి.

ఎనభై మందికి ఈ పాళ్లలో తీసుకెళ్లండి: +1.00 ఎనిమిది, +1.50 ఇరవై, +2.00 ఇరవై నాలుగు, +2.50 పద్దెనిమిది, +3.00 పది. మధ్య పవర్లే ముందు అయిపోతాయి.

ఫొటోలు

రోగుల ముఖాలు, పేర్లు పెట్టకండి. మర్యాదతో పాటు దీనికి ఇంకో కారణం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితులకి ఎస్సీ హోదా ఉండదు, వెనుకబడిన తరగతుల్లోని బీసీ–సీ వర్గం కిందికి వస్తారు. ఎవరి కాగితాల్లో ఏముందో బయటివాళ్లకి తెలియదు. "మా సంఘస్థులు" అని పేర్లతో, ఊరితో పెట్టిన ఒక్క ఫొటో ఒకరి కుల ధ్రువపత్రం మీద, వాళ్ల పిల్లల చదువు మీద ఫిర్యాదుకి ఆధారం కావచ్చు. దాతలకి చూపించడానికి బల్లల వరస, అద్దాల పెట్టె, వెనక నుంచి తీసిన క్యూ చాలు.

మీ ఆరోగ్యం

"మేం అక్కడే పుట్టాం, మాకేం కాదు" అనేవాళ్లే టైఫాయిడ్‌తో తిరిగొస్తారు. సొంతూరు వెళ్లొచ్చిన కుటుంబాల్లోనే అమెరికాలో ఆ కేసులు ఎక్కువ. బయల్దేరడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు టైఫాయిడ్, హెపటైటిస్–ఎ టీకాలు వేయించుకోండి. మనిషికి రోజుకి మూడు లీటర్ల సీలున్న నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి ఆ రోజే సూదికి వెళ్లాలి. తల్లిదండ్రులు లేకుండా వచ్చే మైనరు పిల్లలకి నోటరీ చేసిన అనుమతి పత్రం, మందుల జాబితా, బీమా కార్డు నకలు నాయకుడి దగ్గర ఉండాలి.

తిరిగి వచ్చే ముందు, వచ్చాక

చివరి రెండు రోజుల్లో మూడు జాబితాలు రాయండి: బీపీ–షుగరు వాళ్లు, కంటి ఆపరేషన్ వాళ్లు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవాళ్లు. మొదటిది ఏఎన్‌ఎంకి. రెండోది కంటి ఆసుపత్రికి, వ్యాను వచ్చే తేదీ తేల్చుకున్నాకే. మూడోది స్థానిక సంస్థలో ఒక మనిషికి. ఆపరేషను అవసరమైనవాళ్లకి ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద ఉచితంగా జరిగే వీలుందేమో ముందు చూడాలి, కానుక డబ్బు తర్వాత. ఫోన్లు చేసి, ఇళ్లకి వెళ్లి, ఆటో ఎక్కించే ఆ మనిషికి ఆరు నెలల జీతం బడ్జెట్‌లో మొదటి రోజే రాసి పెట్టండి. టీషర్టులు మానేసినా సరే, ఈ జీతం మానకూడదు.

రెండో వారం, ఆరో వారం, మూడో నెల, ఆరో నెల ఆ మనిషితో మాట్లాడండి. అడగాల్సింది మూడే లెక్కలు: ఎంతమంది ఆరోగ్య కేంద్రానికి వెళ్లారు, ఎంతమంది ఇంకా మాత్రలు వేసుకుంటున్నారు, ఎంతమందికి కంటి ఆపరేషన్ అయింది. ఆపరేషన్ వద్దని ఇంట్లో కూర్చున్న పెద్దవాళ్లకి, అదే ఊళ్లో చేయించుకుని చూపొచ్చిన మరో పెద్దావిడ చేత చెప్పించండి. డాక్టరు మాట కన్నా ఆమె మాటకే వ్యాను ఎక్కుతారు.